అంచు మీది పాట

అన్న ఓలవి పోయాక నాకు దక్కినవి
పదకొండు అట్టపెట్టెల రికార్డులు,
వాటికి పట్టిన బూజు.
థండర్ బేలో పాత సామాన్ల కొట్టువాడు
మునివేళ్ళతో నాలుగు తిరగేసి
పళ్ళెం ఒక్కింటికి పది సెంట్లన్నాడు.
"అన్నీ గీతలే తౌనో, ఎవరు వింటారివి?"
ట్రక్కులోంచి ఒక్క పెట్టె దించకుండా
వెనక్కి తిప్పుకొచ్చాను.

ముప్పై ఏళ్ళు రేవులో, గోధుమ గోదాముల్లో
బెల్టులూ బేరింగులూ బాగుచేసినవాణ్ణి.
పాట నాకు పట్టుబడలేదు.
పనిముట్టు పట్టుబడింది.

అందుకే నేలమాళిగలో స్క్రోల్ రంపం ముందు కూర్చుంటాను.
రికార్డుకి కిందొకటి, పైనొకటి పలచటి చెక్కలు,
చుట్టూ టేపు, పైన బొమ్మ గీసిన కాగితం.
కాగితం అంటించగానే బొమ్మ కాదు.
సన్నగా బెజ్జం వేసి
వెంట్రుకంత రంపప్పోగు అందులోంచి దూర్చి
బిగించి, గోటితో మీటితే
టింగుమనాలి.
నాకు తెలిసిన స్వరం అదొక్కటే.

తొందరపడితే ఊరుకోదు ఈ నలుపు.
వేగం పెంచావా, వేడికి కరిగి
కోసిన దారి వెనకాలే మళ్ళీ అతుక్కుంటుంది,
రాత్రి కోపంలో అన్న మాట మీద
పొద్దున్నే కాఫీ పోసినట్టు.

మొదటి నెలంతా దుప్పుల్ని చంపాను.
కొమ్ముల దగ్గర విరిగేవి.
తర్వాత దేవదారు చెట్టు, తర్వాత ధాన్యం ఓడ,
ఆఖరికి లూన్ పక్షి,
పిల్లని వీపు మీద ఎక్కించుకుని, సరస్సు మీద.
నల్లటి పొట్టు చొక్కాకి, కనుబొమలకి, పిల్లి మీసాలకి.
విదిలిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.
మూతికి గుడ్డ కట్టుకోలేదని
హెల్వీ పైమెట్టు మీంచే తిడుతుంది.

ఒక నియమం పెట్టుకున్నాను:
కోసేముందు ఒక్కసారి మోగించడం.
కోడిని కోసేవాడు కూడా
నోట్లో రెండు చుక్కల నీళ్ళు పోస్తాడు కదా.

అన్న ప్రతి లేబుల్ మీదా పెన్సిల్‌తో రాసుకునేవాడు
ఏ హాల్లో, ఎవరితో ఆడాడో.
"ఐలీ. చెప్పు తెగింది."
"సిర్కా. వాళ్ళ నాన్న వచ్చాడు."
"ఎవరూ రాలేదు. వాన."
చదివి, నవ్వుకుని, కోసేవాణ్ణి.

నిన్న ఒక టాంగో పళ్ళెం.
నవంబరు, అరవై ఒకటి.
"హెల్వీ. రెండుసార్లు."

మా పెళ్ళి అరవై మూడులో.

రంపం ఆపేశాను.
నిజానికి ఇంకా మొదలే పెట్టలేదు.
రెండుసార్లంటే రెండు పాటలా, రెండు రాత్రులా?
పెన్సిలు అంతకుమించి నోరు విప్పలేదు.
ఇన్నేళ్ళలో ఒక్కసారి
నాతో ఆడలేదీ మనిషి, అనుకున్నాను.
నేను అడిగిందీ లేదని
పోగు బిగిస్తుంటే గుర్తొచ్చింది.

కోశాను.
లేబుల్ తాకకుండా,
బయటి అంచు రెండు వేళ్ళ వెడల్పు వదిలి.
ఇంకేం బొమ్మ వెయ్యాలో తోచక
మళ్ళీ ఆ లూన్ పక్షే,
తోకతో అంచుకీ రొమ్ముతో లేబుల్‌కీ అంటుకుని.
కాగితం ఒలిచాక చూస్తే
అన్న చేతిరాత సరిగ్గా దాని రొమ్ము పక్కన.

ఎందుకో తీసుకెళ్ళి
ప్లేయర్ మీద పెట్టి ముల్లు దించాను.
గరగర. అకార్డియన్. ఎవడిదో జీరగొంతు.
అంచు మీద ఒక పాట బతికే ఉంది,
రెండోదాంట్లో కూడా సగం.
అక్కడ లూన్ ముక్కు దగ్గర ముల్లుకి నేల అందక
ఖాళీలోకి జారి
టక్కుమంది.

మెట్ల మీద అడుగులు ఆగాయి.
చేతిలో సూప్ గరిటె, నేల మీద ఒక చుక్క.
"అక్కడ కాదు ఆగేది," అంది హెల్వీ,
"ఇంకో తిప్పు ఉంది."

గరిటె పెట్టడానికి చోటు వెతికింది.
రంపం బల్ల మీద పెట్టింది.
నేను లేచి చొక్కా దులుపుకున్నాను,
ముందొకసారి, మళ్ళీ ఒకసారి.
పొట్టు వదల్లేదు.