ఈనెపూలు

ముక్తేశ్వరం రేవులో పంటు దిగి
కొట్టు మూసే వేళకి పట్టుకొచ్చాను
రెండు కొసలూ మెలితిప్పిన నారింజ బిళ్లలు,
కిలోన్నర.

రేపు మా హేమవల్లికి ఏడు నిండుతాయి.
వచ్చిన పిల్లల్ని ఉత్త చేతుల్తో పంపకూడదట,
బంతిపూలివ్వాలట.
ఆశ్వయుజం ముసురుకి
తోటల్లో బంతులన్నీ మెత్తగా కుళ్లాయి.

సరే, తినే పూలే చేద్దామన్నాను.
కొత్త చీపురు విప్పి
ఒక్కో ఈనె కొసకీ మూడేసి బిళ్లలు,
కాయితం చెవులు రేకుల్లా విప్పదీసి,
పచ్చదారం.
నాలుగు కట్టేసరికి మూడు ఊడిపడ్డాయి.

"చేలు ఈనే రోజుల్లో
ఎవరైనా ఈనెలు పీకుతారటే!"
అత్త గయ్యిమంది.
చూసి, చూసి, చూడలేక
తనే చాప లాక్కుని కూర్చుంది.
కడియంలో పన్నెండేళ్లు దండలు కట్టిన మనిషి.
కాలి బొటనవేలికి దారం తగిలించి
కరెంటు పోయిన చీకట్లోనే
నలభై రెండు లేపింది.
బుగ్గలో ఒకటి దాచుకున్న సంగతి
మాట ముద్దగా వచ్చినప్పుడు తెలిసింది.

పిల్లలు పూలు పట్టుకుని
వానలో గొడుగుల కింద వెళ్లారు.
కొందరు గుమ్మం దాటకుండానే
రేకులు వలిచేశారు.

పొద్దున్నే వాకిట్లో, కాలవగట్టు మీద
బోడి ఈనెలు.
ఏరి, మళ్లీ చీపురులో దోపాను.

ఊడుస్తుంటే
నా వెనకే బారులు తీరి
చీమలు.

"ఇంక చాల్లే, ఆపు,"
అంది అత్త,
"తిననీ వాటినీ."