కాంటా కింది చెక్క

ఎనుమాముల యార్డుల మిర్చి ఊడ్సుడు నా పని.
పదకొండేండ్లు.
దగ్గు నాకు రెండో ఊపిరి.

ఇంకో పని కూడ ఉండె, చిట్టీల రాయనిది:
పొద్దుగూకినంక కాంటా కిందికెల్లి
అరచేతంత తుమ్మచెక్క తీసి
నా గంపల, తాలుకాయల కింద దాచుడు.
తెల్లారి మళ్ల దాని జాగల దాన్ని పెట్టుడు.
బస్తాకు రెండు కిలోలు మోసేది ఆ చెక్క,
ఎవ్వరికీ కనబడని హమాలీ.

"ఏం కాదు దయామణీ, అందరి దుకాండ్ల ఉన్నదే"
అన్నడు రత్నాకరం పెద్దయ్య.
దేశాయిపేటల మా చర్చికి ఆరు ఫ్యాన్లిచ్చిన మనిషి.
ఒక్కో రెక్క మీద ఎర్రరంగుతోని ఆయన పేరు.
తిరిగేటప్పుడు కనబడది.
గాలి మాత్రం మా అందరి మీదికి వస్తది.

శివరాత్రికి ముందటి వారం
శాయంపేట ఓదెలు ఇంటికాడ తూచుకొని వచ్చిండు.
ఆడ నలభై రెండు. ఈడ నలభై.
బస్తా సుట్టూ రెండుసార్లు తిరిగిండు,
తప్పిపోయిన బర్రెను ఎతికినట్టు.
ఆఖరుకు నా చీపురు ముందట నిలబడ్డడు.
"అక్కా, నువ్వు రోజూ ఈడనే ఉంటవు. నువ్వు చెప్పు."

నాకెరుక లేదన్న.
ఇంకోపాలి అడిగిండు.
నాకెరుక లేదు.
మూడోపాలి అడగలే. అడిగితే అదే చెబుదును.
యార్డుల కోడి లేదు.
లారీ హారన్ కొట్టింది, గంతే.

ఆ రాత్రి కన్ను మూస్తే
మా అవ్వ ఎన్నడో చెప్పిన ముచ్చట:
చలిమంట కాడ నిలబడి ఆయనను ఎరుగనన్నోడు
చెడ్డోడు కాదు బిడ్డా, మంట వెచ్చగుండె.
నా మంట ఏంది?
నెలకు తొమ్మిది వేలు. కొడుకు ఐటీఐ ఫీజు.
నెత్తి మీద తిరిగే గాలి.

మూడో ఆదివారం సాక్ష్యాలు.
ఒకరికి జరం తగ్గింది. ఒకరికి పాస్ బుక్ వచ్చింది.
ఎస్తేరు ముసలమ్మ మేక దొరికింది.
అన్నిటికీ స్తోత్రం చెప్పినం.
అప్పుడు నేను లేచిన.
లేచిన అంటున్న గని
కొంగు కుర్చీ మేకుకు పట్టుకున్నది,
గుంజుకుందామని లేస్తే నిలబడ్డట్టయింది.

మైకు చేతికొచ్చింది. కరెంటు పోయింది.
ఫ్యాన్లు మెల్లగ, ఇంకా మెల్లగ,
ఆగినయి.
ఆరింటి మీద ఒక్కటే పేరు చదవొచ్చింది.

ప్రభువా, మాట ఇయ్యి అని అడగలే.
మాట నా తాన ఉన్నది.
నోరియ్యి అన్న.

సంచిలకెల్లి చెక్క తీసిన.
దాని ఘాటుకు ముందు వరుసల తుమ్ములు.
"ఇది పెద్దయ్య కాంటా కిందిది.
పెట్టింది ఈ చెయ్యి. తీసింది ఈ చెయ్యి.
ఈ చెయ్యితోనే మీ నడుమ రొట్టె అందుకున్న.
నాకెరుక లేదన్న ఒక రైతుతోని.
నాకెరుకే."

కానుకల పళ్లెంల పెట్టిన.
పది రూపాయల నోట్ల మీద
అది బరువుగ కూసున్నది.

ఎవ్వరూ ఆమెన్ అనలే.
పాస్టరయ్య పళ్లెం దిక్కు చూసిండు,
పెద్దయ్య దిక్కు చూసిండు,
గోడ మీది సిలువ దిక్కు చూసిండు.
అదీ చెక్కనే.

పెద్దయ్య లేచిపోలేదు.
చెప్పులు ఏడ విడిచిండో యాది లేనోని లెక్క
కిందికి చూసుకుంట కూసున్నడు.
కోపం వస్తదనుకున్న, రాలే.
ఇద్దరం ఒక్క చెక్కనే మోసినోళ్లం గద.

సోమవారం గేటు కాడ నా పేరు లేదన్నరు.
మార్కెట్ కమిటీ సారు కాయితం ముందట పెట్టి
"ఇంకోసారి ఆలోచించుకో అమ్మా" అన్నడు, మంచికే.

భయం పోయిందా అని అడుగుతున్నరు వాడోళ్లు.
యాడ పోతది?
బల్ల మీద నా పక్కన్నే కూసున్నది.
జర జరుగు అని
సంతకం పెట్టిన.

ఇప్పుడు శాయంపేట బస్సుల ఉన్న.
ఓదెలు ఇల్లు ఎక్కడో తెల్వది, అడుక్కుంట పోవాలె.
మూడోపాలి ఆయన అడగలే.
అడగకున్నా చెప్పొస్త.