సీ ఫారం

పిల్ల పేరు తియామికే.
మలావి దేశమట, యాడుంటదో నాకు తెల్వదు.
పోలేపల్లి తట్టు మందుల కాలేజీల సదువు.
పేరు నోరు తిరగక "తియ్యమ్మా" అన్న.
పలికింది.

కావేరమ్మపేటల ఎనకర్ర కిరాయికిచ్చిన తెల్లారే
నెట్టు సెంటర్ గౌసు ఉర్కొచ్చిండు:
"కుర్మమ్మా, ఒక్క దినంల సీ ఫారం నింపకుంటే కేసైతది.
ఇల్లు నీది. నువ్వే నింపాలె."

ఫోనుకు ఆరంకెలొచ్చినయ్.
బస్సు నంబర్లు తప్ప ఏం సదవని నేను
ఒక్కొక్కటి కూడబల్కి చెప్పిన.

గౌసు అడుగుతుండు, పిల్ల చెప్తుంది, నేను ఇంటున్న:
యాడికెల్లి వచ్చినవ్?
ఏ దినం దిగినవ్?
ఎన్నొద్దులుంటవ్?
ఈడికెల్లి యాడికి పోతవ్?

నన్నెవ్వరూ అడగలే.

గుంపు మేస్త్రి తాన బయాన తీస్కొని
తట్ట, పార, ముంత, నన్ను
నాయిన లారీకెక్కించిన నాడు
ఏ ఫారమూ లేకుండె.
మేస్త్రి బుక్కుల మా ఇంటి పేరు పక్కన
"రెండు జతలు" అని రాసుండె.
నాయిన, అవ్వ ఒక జత.
అన్న, వదినె ఒక జత.
నీళ్ళు మోసే నేను ఏ లెక్కల లేను.
అది ఏ రాష్ట్రమో ఇప్పటికీ చెప్పలేను,
మట్టి మాత్రం యాదికుంది:
నల్లగ, జిగటగ, కాలిగోర్లల నెలలకు నెలలు.
కాలువల నీళ్ళిడిసిన దినం
మేం ఆడ లేము, ఇంకో కాలువ తవ్వుతున్నం.
నా ఆధార్ల పుట్టిన తేదీ జనవరి ఒకటి.
పుట్టిన ఊరు జడ్చర్ల.
రెండూ గౌసు నాయిన అందాజగ రాసినవే.

బాలానగర్ సీతాఫలాలు దిగినయ్.
హైవే పక్కన గంపలు పెట్టుకున్న.
ఆదివారం పిల్ల వచ్చి పక్కన కూసుంది.
కండ్లు తెరిచిన కాయ ఒక తట్టు,
తెరవనిది ఒక తట్టు,
పొద్దుగూకేదాంక ఏరింది.
కార్లోళ్ళు పిల్లను సూసి ఆగిండ్రు,
కొందరు అడగకుండనే ఫోటో తీసిండ్రు.
పిల్ల తలకాయ దించి కాయలు ఏరుకుంటనే ఉంది.
పోయేటప్పుడు రెండు నూర్లు చేతిల పెట్టిన.
నిప్పు తాకినట్టు చెయ్యి ఎనక్కి గుంజుకుంది.
"పని చెయ్యొద్దు ఆంటీ.
సదువుకే పర్మిట్. పైసలు తీస్కుంటే పంపిస్తరు."
సగం తెలుగు, సగం సైగ.

చానా సేపు ఆ మాటే నమిలిన.
మేం పోయిన కాడ చేతులకే పర్మిట్,
మనిషికి లేకుండె.
ఈ పిల్లకు మనిషికుంది, చేతులకు లేదు.
ఏది నయమంటే
ఏం చెప్పాలె?

గడువు పెంచనీకి
పాలమూరు ఎస్పీ ఆఫీసుకు మూడు పార్లు తిరిగినం.
ఫోటో ఎనక తెల్లగ లేదన్నరు ఒకపారి.
కాలేజీ ముద్ర మసకన్నరు ఇంకోపారి.
బస్సుల ఆమె ఒడిల ఫైలు, నా ఒడిల సద్ది.
మూడోపారి కౌంటర్ల కూసున్నాయన
కాయితం సూడకుండ నన్ను సూసిండు:
"ఈ పిల్ల నీకేమైతది?"
కిరాయికుంటది సారూ, అనబోయి ఆగిన.
"సీ ఫారం నేనే నింపిన" అన్న.
నవ్విండు.
నేను నవ్వలే.

కాయితం వచ్చింది. జూలై ముప్పై దాంక.
పిల్ల ఫోనుల ఫోటో తీసి ఇంటికి పంపింది,
నా ముందే రెండుపార్లు ఉత్తగ సదువుకుంది.

ఆ పొద్దు గౌసునడిగిన:
"బిడ్డా, ఒక ఉత్త ఫారం తియ్యి నాకు."
"ఏం జేస్తవ్ కుర్మమ్మా?"
"ఉంచుకుంట."
ఐదు రూపాయలు తీస్కున్నడు.

ఆ రెండు నూర్లు
అద్దకిలో రాయి కిందనే ఉన్నయ్.
పిల్ల తీస్కోదు. నేను తియ్య.
తూకమేసినప్పుడల్లా రాయి లేపుత,
నోట్లు గాలికి కదుల్తయ్,
మల్ల రాయి పెడ్త.