కుడివైపు స్పీకరు

నాలుగు బ్యాండ్లు విరిగితే
మిగిలిన నలుగురు.
ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవు,
వీళ్లెన్నాళ్లని
టుకమ్‌కారీ బార్లో పందేలు కాశారు.
పేరు కాటన్‌వుడ్ ట్రీటీ.
అట్ట మీద గుర్రాల్లేవు, టోపీల్లేవు,
ఎండిన వాగులో నాలుగు మడత కుర్చీలు,
ఒకటి పక్కకు ఒరిగి.

ఆ మొదటి రికార్డు రెండుసార్లు కొన్నాను,
నాకు ప్లేటు,
డెల్మార్ లారీకి క్యాసెట్టు.

పంతొమ్మిదేళ్లు
పశువుల దాణా వేసుకుని అమరిల్లో దారిలో అతను,
వంటింట్లో బీన్స్ ఏరుతూ నేను,
ఒకే పాటలు వింటున్నాం అనుకున్నాం.
శుక్రవారం ఇంటికొచ్చి ఈల వేసేవాడు,
నాకు తెలియని వరస.
"అదెక్కడిది?" అంటే
"రెండో పాటే. చెవుల్లేవా నీకు?"
లేవేమో అనుకుని
మళ్లీ వినేదాన్ని, సూది అరిగేదాకా.
ఎవరో దగ్గుతారు ఒకచోట, తీసెయ్యలేదు.
ఆ దగ్గు కూడా నాకు కంఠతా వచ్చు.
ఈల మాత్రం దొరకలేదు.

లారీ అమ్మేసిన వారం
అతన్ని సోఫాలో కూర్చోబెట్టి సూది దించాను.
ఎడమవైపు హోలిస్ స్టీలు గిటారు,
వాన వెలిశాక కంచె తీగ మీద
జారీ జారని చినుకు.
రాయ్స్ బేసు, బూటు మడమంత నిదానం.
డెల్మార్ కాలు ఆడిస్తున్నాడు.
అప్పుడు కుడివైపు నుంచి
ఇద్దరు లోపలికొచ్చారు.

లేచి నిలబడ్డాడు, ఇంట్లో దొంగలు పడ్డట్టు.
"ఎవరు వీళ్లు?"
ఎమ్మెట్ మాండలిన్, వెనకే లూథర్ గొంతు,
అంచున కాస్త పగిలింది,
హోలిస్ ఊపిరి వదిలిన చోట
అందుకునే గొంతు.
"మొదట్నుంచీ ఉన్నారు."
"లేరు."

లారీలో కుడి స్పీకరు తీగ
ఊడి ఎన్నేళ్లయిందో.
కొనుక్కున్నవాడు ఫోన్ చేసి చెప్పాడు,
డబ్బులు తగ్గించమని.

ఇద్దరు మనుషుల జాగా అది.
ఎడారి రోడ్డు మీద
ఒక్కడే ఈల వేసి నింపుకున్నాడు,
తన వరసని తనకే తెలియకుండా.

కాటన్‌వుడ్ ట్రీటీ రెండో రికార్డు చెయ్యలేదు.
పందెం గెలిచినవాళ్లు బీరు తాగారు.

ఇప్పటికీ కొన్ని రాత్రులు
డెల్మార్ బ్యాలెన్సు మీట పూర్తిగా ఎడమకి తిప్పుతాడు.
నేనేమీ అనను.
ఈల మొదలయ్యాక,
రెండో పాటలో, సగం దాటాక,
మెల్లగా నడిమికి తెస్తాను.
అతను ఆపడు.
లూథరూ ఆపడు.