గుమ్మం పరీక్ష

స్టావంగర్‌లో నవంబరు. మూడున్నరకే దీపాలు.
ఫిబ్రవరిలో మడగాస్కర్‌కి నా టికెట్టు.
నోటుపుస్తకం నిండా ఎర్ర గీతలు:
సంస్కృతి, సందర్భం, సువార్త.
అన్నీ కంఠతా వచ్చు నాకు.

వువాంగి టీచరు ప్రశ్నపత్రం ఇవ్వలేదు.
తన వంటింటి తలుపు బయట నిలబెట్టింది,
మంచూ కాని వానా కాని తడిలో.
తట్టాను. పలకలేదు.
గట్టిగా తట్టాను.
లోపల గరిటె చప్పుడు మాత్రం.

అప్పుడు గుర్తొచ్చింది మొదటి వారం నేర్పిన మాట.
"హౌది," అన్నాను,
జేబుల్లోంచి చేతులు తీసి.
చాలాసేపు.
మెడ మీంచి వీపులోకి నీళ్ళు కారుతుంటే
ఒక ఇంటి ముందు ఎవరికీ ఏమీ కానివాడిగా
నిలబడటం నాకదే మొదలు.

"లోపలికి రా, ఐవిన్."

బూట్లు విప్పాను.
అడుగంటిన అన్నంలో నీళ్ళు పోసి మరిగించింది.
మాడు వాసన, బంగారు రంగు.
గ్లాసు చేతికిస్తూ అంది:
"మీ దేశంవాడే ఒకాయన
మా అమ్మమ్మ ఇంటికొచ్చాడు.
తెచ్చిన మాట మంచిదే. ఆవిడ నమ్మింది,
నేనూ నమ్ముతున్నాను.
కానీ పోయేదాకా ఆవిడ చెప్పుకున్నది
పిలవకముందే చాప మీదికొచ్చిన
ఆ బూట్ల బురద గురించి."

నాలుక కాలింది. ఊదుకోలేదు.
ఆమె చూసింది.

"ఇక నేను మాట్లాడొచ్చా?"
"గ్లాసులో ఇంకా ఉంది," అంది.

మార్కులు వచ్చే వారమట.
సెలవు తీసుకుని మూడు మెట్లు దిగాక
మేజోళ్ళు తడిసి తెలిసింది,
బూట్లు లోపలే ఉన్నాయని.

తలుపు మూసే ఉంది.
చేతులు జేబుల్లోంచి తీసి
మళ్ళీ మొదటినుంచీ,
"హౌది."