గోరుకత్తెర

గోరుకత్తెర కావాలంటే సంతకం పెట్టాలి.
పదిహేను నిమిషాలు.
గొలుసుతో బల్లకి కట్టేసి ఉంటుంది,
అంచేత కాళ్లే కత్తెర దగ్గరికి రావాలి.

ఓరెన్ టిడ్‌వెల్ చక్రాల కుర్చీ నేను తోసుకొస్తాను.
ఈ పనికి నాకు నెలకి రెండు సబ్బులు, ఒక కాఫీ పొట్లం.
ఎడమ బొటనవేలి గోరు
మిస్సోరి నది బురదలో ఆల్చిప్ప,
పసుపుపచ్చగా, పొరలు పొరలుగా.
ముందు వేణ్ణీళ్లలో నానాలి.
నీళ్లు అడిగి తెచ్చేసరికే నాలుగు నిమిషాలు పోతాయి.

"నొప్పెడితే చెప్పు" అంటాను.
చెప్పడు.
చెవిమిషనుకి మార్చి నుంచీ బ్యాటరీ లేదు.
అర్జీ పెట్టాం.
అర్జీ అందిందని ఒక కాగితం వచ్చింది.
ఆగస్టులో గార్డులు "నేల మీద పడుకోండి" అని అరిస్తే
ఈయనొక్కడే నిలబడి చుట్టూ చూస్తున్నాడు,
అందరూ ఏం పోగొట్టుకుని వెతుకుతున్నారా అన్నట్టు.
ధిక్కారం. ముప్పై రోజులు క్యాంటీన్ బంద్.

వచ్చినప్పుడు ముప్పైమూడేళ్లట.
పత్తిమూటని ఒంటిచేత్తో ఎత్తేవాణ్ణంటాడు.
ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్తే
బేడీలు గాజుల్లా మోచేతిదాకా జారతాయి.
గార్డు బ్లేలాక్ విసుక్కుని, విసుక్కుని,
చివరికి తన జేబురుమాలు చుట్టి బిగించాడు.

ఆయన ఏం చేశాడో నాకు తెలుసు.
పెట్రోలు బంకు, రాత్రి పదకొండు,
డబ్బు పెట్టెలో అరవైరెండు డాలర్లు,
కౌంటర్ వెనక వెర్నన్ స్ట్రిక్లిన్.
దాన్ని చిన్నది చేసి చెప్పను.
ఆయనా ఎప్పుడూ చెయ్యలేదు.
కానీ ఇప్పుడు కొన్ని ఉదయాలు నన్నే అడుగుతాడు:
"నేనిక్కడ ఎందుకున్నాను బాబూ?"
చెవిలో నోరుపెట్టి చెప్తాను.
ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే
అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు.
మధ్యాహ్నానికి మరిచిపోతాడు.
మర్నాడు మళ్లీ చెప్పాలా, వద్దా?
పాస్టర్‌ని అడిగాను.
ఆయన గడియారం చూసుకున్నాడు.

పెరోల్ బోర్డు కూర్చున్నప్పుడల్లా
వెర్నన్ కూతురు వస్తుంది, ఫోటో పట్టుకుని.
మొదట్లో పెళ్లికాని పిల్ల.
ఈసారి వాకర్‌తో వచ్చిందట,
కాళ్లకి టెన్నిస్ బంతులు తొడిగిన వాకర్,
అచ్చం మా వార్డులో ఉన్నలాంటిదే.
(మా బంతుల్ని మాత్రం నెలకోసారి కోసి చూస్తారు,
లోపల ఏం దాచామోనని.)
"పశ్చాత్తాపపడుతున్నావా?" అని అరిచి అడిగారట.
ఓరెన్ ఆ వాకర్ వైపే చూస్తూ
"ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టండి" అన్నాడట.
అడిగినదానికి జవాబు చెప్పలేదని రాసుకున్నారు.
ఆవిడ కూర్చుందో లేదో
నాకీ సంగతి చెప్పినవాడికి గుర్తులేదు.

నాలుగింటి లెక్కకి అందరం నిలబడాలి.
కుర్చీలో ఉన్నవాళ్లు లేవక్కర్లేదని పోయినేడు రూలు మారింది.
ఆయనకి చెప్పాం. మిగల్లేదు.
గంట వినబడదు గానీ, మేం లేస్తే లేస్తాడు,
నా భుజం పట్టుకుని,
మోకాళ్లు వణుకుతూ,
లెక్క మమ్మల్ని దాటిపోయేదాకా.
ఆ చెయ్యి బరువు
తడి తువ్వాలంత కూడా ఉండదు.

నాకు యాభైఒకటి. నా శిక్షకి చివరి తేదీ లేదు.
ఈ మధ్య బూటు లేసు కట్టుకోవాలంటే
మంచమ్మీద కూర్చోవలసొస్తోంది.
రేపు నా గోళ్లు తీసేవాడు
ఇవాళ ఏదో ఊళ్లో, ఏదో బడిలో
వెనక బెంచీ మీద కూర్చుని
పెన్సిలు కొరుకుతూ ఉంటాడు.
వాడింకా ఏ తప్పూ చెయ్యలేదు.

ఒరేయ్, రాకు.
పెరిగితే పెరగనీ నా గోళ్లు.

గార్డు కిటికీలోంచి వేలు చూపిస్తున్నాడు:
ఒక్క నిమిషం.
ఇంకా చిటికెనవేలు ఉంది.