తూము ఎక్కడ

కాకినాడ పటాలం ఆయుధశాలలో
బల్ల మీద నాలుగు గొట్టాలు పెట్టించి
కమాండెంటు గారు వెళ్లిపోయారు.
పొడుగుది ఒకటి, పొట్టివి మూడు.
పొట్టివాటికి చిల్లి మూడు చోట్ల.
"సోమవారానికి ఒకటి తేల్చి రాయండి సత్తిరాజు గారూ,
కోరంగి మడల్లో పడవ గస్తీకి."

మడలో పొడుగుది పనికిరాదు.
కొమ్మ కొమ్మకీ తగులుతుంది,
పడవ తిప్పేసరికి ముందువాడి మెడ మీద వాలుతుంది.
పొట్టిదే తియ్యాలి. అయితే
గొట్టం కోసినంత తేలిక కాదు
వాయువుకి చిల్లి ఎక్కడో చెప్పడం.

గెడ్డం మేరీ సుహాసిని, కొత్తగా వచ్చిన పిల్ల,
నూనెగుడ్డ వేలికి చుట్టుకుంటూ అడిగింది:
"అసలు చిల్లి ఎందుకు సార్?
గుండు పోవాల్సింది ముందుకే కదా."

నేను పుస్తకం తియ్యలేదు.
మా నాన్న కడలి గనిరాజు
లాకుల మీద లస్కరు.
ముప్పై ఏళ్లు తలుపుల చక్రం తిప్పిన భుజం ఆయనది,
చొక్కా ఎప్పుడూ కుడి పక్కే ముందు చిరిగేది.

గొట్టం కాలవ అనుకో, అన్నాను.
మందు కాలి తోసుకొచ్చే వాయువు నీళ్లు.
ఆ నీళ్లలో చారెడు
తూములోంచి పక్కకి మళ్లిస్తే
అదే వెనక్కొచ్చి బోల్టుని నెడుతుంది.
డొల్ల బయటికి, కొత్త తూటా లోపలికి.

తూము తలకట్టు దగ్గర పెట్టావా,
పోటెక్కువ, గట్టు తెగుతుంది.
బోల్టు దడేలున వెనక్కి కొట్టుకుని
కొక్కెం విరుగుతుంది, నీ భుజం కములుతుంది.
మరీ శివారుకి జరిపావా,
అక్కడికొచ్చేసరికి నీళ్లకి సత్తువుండదు.
పైగా పొట్టి గొట్టంలో తూము దాటాక
ఇంకెంత కాలవుంది? బెత్తెడు.
గుండు మూతి దాటిందంటే
ఉన్న ఊపిరంతా దాని వెంటే పోతుంది.
బోల్టు సగం దారిలో నిలబడి
శివారు రైతులాగ మన మొహం చూస్తుంది.

శివారు రైతు అన్నాక ఆగలేకపోయాను.

దాళ్వాకి వంతులు పెట్టిన ఏడు
అర్ధరాత్రి పదిమంది వచ్చారు, అడుగు ఊళ్లవాళ్లు.
గునపాలు. ఒకడి చేతిలో నాటు తుపాకీ.
నాన్న తలుపు ఎత్తలేదు, దించనూ లేదు.
"కొలబద్ద చూసుకోండి" అని
నీళ్ల మీదికి లాంతరు పట్టాడు.
రెండడుగుల మూడంగుళాలు.
పుస్తకంలో రాసిందీ అదే.
చాలాసేపు చూశారు. ఎవరో దగ్గారు.
తుపాకీవాడు గట్టు మీద కూలబడి బీడీ అడిగాడు.
అది పేలేది కాదని మాకు తర్వాత తెలిసింది.
లాంతరు పట్టినప్పుడు
నాన్నకి తెలీదు.

సుహాసిని ఏమీ అనలేదు.
నడిమి చిల్లి మీద వేలు పెట్టి
"అయితే ఇదా?" అంది.
చూద్దాం, అన్నాను. బల్ల మీద తేలదు.

ఆదివారం పొద్దున్నే రేంజికి పోయాం. ఉప్పు గాలి.
ఒక్కోదానికి పదేసి, మొత్తం ముప్పై.
ఆ పిల్ల పేలుస్తుంటే నేను గురి వైపు చూడలేదు,
డొల్లలు పడే చోటు చూశాను.
తలకట్టు తూముది ముందుకి విసిరికొట్టి
తుమ్మకంపలో చల్లింది.
శివారుది నాలుగో తూటాకే అడ్డం పడింది,
మిగతావి చేత్తో లాగి పేల్చాం.
నడిమిదానివి పదీ
కుడిచేతి వెనక, చాటంత చోట పడ్డాయి,
ధాన్యపు రాశిలాగ ఏం కాదు,
మామూలుగా, డొల్లల్లాగే.

అక్కడే కూర్చుని రాశాను:
పొట్టి గొట్టం, నడిమి తూము.
కారణం అనే గడిలో
గట్టు తెగదు, శివారు ఎండదు అని రాసి,
కొట్టేసి,
పనితీరు సంతృప్తికరం అని రాశాను.

ముప్పై పేల్చాం. ఇరవై తొమ్మిదే దొరికాయి.
భోజనాల బండి వచ్చి వెళ్లిపోయింది.
సుహాసిని ఇంకా తుమ్మకంపలో
మోకాళ్ల మీద పాకుతూ ఇసక జల్లిస్తోంది.
రిజిస్టరు తెరిచి పట్టుకుని
నేను ఎండలో నిలబడ్డాను,
కలం మూత తీసి,
అంకె వెయ్యకుండా.